సిగ్నల్ టవర్ దగ్గర చెయ్యి ఊపిన రోజు

నేను నర్సుని. విదేశంలో, స్వోర్డ్స్ అనే ఊళ్ళో ఉంటూ పదకొండేళ్ళుగా ఇదే పని. నా కళ్ళ ముందే ప్రాణాలు పోవడం చూశాను. అయినా ఆ శనివారం ఆ అనుభవమేదీ అక్కరకు రాలేదు.

మా ఆయనా నేనూ పడమటి తీరంలో, సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ మీది పాత సిగ్నల్ టవర్ చూడ్డానికి వెళ్ళాం. రెండు వందల ఏళ్ళ కిందట, ఫ్రెంచి ఓడలు దండెత్తి వస్తాయన్న భయంతో కట్టిన రాతి బురుజు అది. మందుల ఫ్యాక్టరీలో ఇంజినీరైన మా ఆయన అక్కడి బోర్డంతా చదివి సంబరపడ్డాడు.

"వైరు లేదు, కరెంటు లేదు. ఓడ కనబడితే స్తంభానికి జెండాలూ నల్ల బంతులూ ఎత్తేవాళ్ళంట. అవతలి టవరోళ్ళు దుర్భిణిలో చూసి వాళ్ళూ ఎత్తేవాళ్ళంట. ఏ జెండాకి ఏం అర్థమో ముందే రాసిపెట్టుకునేవాళ్ళు!"

టవర్‌ని ఫొటో తీయాలని రెండడుగులు వెనక్కి వేశాడు. తడి గడ్డి. మరుక్షణం అక్కడ మనిషి లేడు.

అరుపు కూడా వినబడలేదు. అంచు దాకా పాక్కుంటూ వెళ్ళి చూశాను. ఇరవై అడుగుల కింద, అరుగులాంటి రాతి మీద పడి ఉన్నాడు. పాదం పక్కకి తిరిగిపోయింది. ఆ కింద సముద్రం.

"దిగబాకవే! జారుద్ది!" అని కేకేశాడు.

ఫోన్ తీశాను. సిగ్నల్ లేదు.

సన్నటి సముద్రపు పాయకి అవతలి గట్టు మీద ఒకావిడ కుక్కతో నడుస్తోంది. ఆ గాలిలో నా కేక చేరదు. ఎర్ర చున్నీ తీసి ఊపాను. ఆవిడ ఆగింది. తనూ హుషారుగా చెయ్యి ఊపి, తన దారిన నడిచింది.

చూసింది, చూసి వెళ్ళిపోతోంది!

అంతలో ఆవిడ మళ్ళీ ఇటు తిరిగింది. నేను కావాలనే దబ్బున నేల మీద పడ్డాను. లేచి, కిందికి చూపించాను. మళ్ళీ పడ్డాను, మళ్ళీ లేచాను. ఎన్నిసార్లో తెలియదు. ఆవిడ పరుగెత్తడం కనబడింది.

ముప్పావుగంటకి, ఆవిడ ఫోన్ చేసి పిలిపించిన హెలికాప్టర్ వచ్చి ఆయన్ని పైకి తీసింది. ఆవిడ కూడా కారులో చుట్టూ తిరిగొచ్చి నాకు దుప్పటి కప్పింది. డెబ్బై దాటి ఉంటాయి.

"హలో చెప్తున్నావనుకున్నానమ్మా. ఇక్కడికొచ్చిన వాళ్ళందరూ ఊపుతారు," అంది.

"మరి ఎందుకు వెనక్కి తిరిగారు?"

"కుక్క మొండికేసి కదల్లేదు. దాన్ని లాగుదామని తిరిగాను."

ఆస్పత్రిలో మా ఆయన చీలమండకి ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. ఆరు నెలలకి మామూలుగా నడిచాడు. కుక్క సంగతి అప్పుడు చెప్పాను. ఆయన కాగితం తీసుకుని, చున్నీ ఎలా ఊపితే ఏం అర్థమో రాయడం మొదలుపెట్టాడు.