సహం బ్రాంచిలో మొండి కంప్యూటర్

2023 ఎండాకాలం. పైపులు, కరెంటు సామాన్లు అమ్మే ఒక కంపెనీకి నేను మస్కట్ హెడ్డాఫీసులో సిస్టమ్ అడ్మిన్‌ని. సువైక్, సహం, బురైమి బ్రాంచిల్లోని కంప్యూటర్లన్నిటికీ ఇక్కడినుంచే సాఫ్ట్‌వేర్ ఎక్కించడం, అందులో లోపాలుంటే సరిచేయడం నా పని. అలా సరిచేసే ముక్కను ప్యాచ్ అంటారు. చిరిగిన చొక్కాకు మాసిక వేసినట్టే. నేనిక్కడ బటన్ నొక్కితే అక్కడ దిగుతుంది. దిగిన కంప్యూటర్ పక్కన నా తెరమీద పచ్చచుక్క, దిగనిదాని పక్కన ఎర్రచుక్క. మా కరీంనగర్ దోస్తులు "సల్లగ ఏసీల కూసొని బటన్లు నొక్కే నౌకరి" అని ఎగతాళి చేస్తారు. ఏసీ ఉన్నమాట నిజమే. చల్లదనం సంగతి నన్నడగాలి.

ఆ జూన్‌లో మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెద్ద కన్నం ఉందని, వెంటనే మూసుకోమని తయారుచేసినవాళ్లే ప్యాచ్ పంపారు. మూయకపోతే బయటివాడెవడో ఒక్క కంప్యూటర్‌లో దూరి కంపెనీ మొత్తానికి తాళం వేసేయగలడు. వారం తిరక్కుండా అన్నీ పచ్చబడ్డాయి, సహం బిల్లింగ్ కౌంటర్ తప్ప. దాని రికార్డు తెరిస్తే రోజూ ఒకటే మాట: యూజర్ వాయిదా వేశారు. ఆ యూజర్ పేరు సునీత.

సునీతది అమలాపురం దగ్గర. భర్త సత్తిబాబు తాపీమేస్త్రీ. ఏళ్ల తరబడి అతను ఎక్కడో దూరాన దుక్మ్‌లో, ఆమె సహంలో. ఫోనులోనే కాపురం. ఆ ఏడాదే అతను సహంలో సైటు చూసుకుని వచ్చాడు, ఇద్దరూ ఒక రూమ్ తీసుకున్నారు. ఆ సంతోషంలో బ్రాంచి మొత్తానికి పూతరేకులు పంచిందట. హెడ్డాఫీసుదాకా ఒక్కటీ రాలేదు.

ఫోన్ చేస్తే ఆమే నామీద ఎగిరింది.

"రోజూ చేత్తానే ఉన్నాను కదండీ! మీరే రోజుకో కొత్తది పంపుతున్నారు. ఎన్ని పంపుతారండీ?"

"నేను పంపింది ఒక్కటేనమ్మా. అదే ఇంకా కాలేదు."

"అయిపోయిందండీ. నా కళ్లతో చూశాను."

నాకు ఒళ్లు మండింది. రికార్డు అబద్ధం చెప్పదు కదా అనుకున్నాను. మా మేనేజర్ హమద్ ఇంకో అడుగు ముందుకేశాడు. మనిషి చెడ్డవాడు కాదు, ఎర్రచుక్క చూస్తే మాత్రం ఆగలేడు. "గురువారం దాకా చూస్తాను. కాకపోతే ఆమెను బురైమికి పంపి, అక్కడి క్లర్కును సహంకి తెస్తాను" అన్నాడు హిందీలో, ఆ మాట సునీతకూ ఫోన్‌లో చెప్పేశాడు. ఆయనకది కుర్చీల మార్పు. సునీతకు మాత్రం మళ్లీ ఫోను కాపురమే. కోపంగా ఉన్న నాకే అది అన్యాయమనిపించింది. మంగళవారం పొద్దున్నే కారు తీసుకుని సహం బయల్దేరాను.

అక్కడ తెలిసిన మొదటి సంగతి, సహంలో రోజు మస్కట్ రోజులా నడవదు. మాది పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకటే డ్యూటీ. వాళ్లు ఒంటిగంటకు కొట్టు మూసి, నాలుగింటికి తెరిచి, రాత్రిదాకా అమ్ముతారు. ప్యాచ్ దిగాల్సిన సమయాన్ని మేము మెయింటెనెన్స్ విండో అంటాం. దాన్ని మా ఆఫీసు వదిలే వేళకు, సాయంత్రం ఆరింటికి పెట్టాం. సహంలో అప్పుడే ఎండ తగ్గి, కాంట్రాక్టర్ల పికప్‌లు వరసకట్టే వేళ.

"ఆరింటికి రీస్టార్ట్ చేస్తే అవతల జనం నన్ను తినేత్తారండీ. అందుకే రేపు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకని పెట్టి, కంప్యూటర్ ఆపకుండా వెళ్తాను" అంది సునీత.

"నాలుగింటికి వచ్చి చూస్తే?"

"అప్‌డేట్ అయిపోయి ఆగిపోయి ఉంటాదండీ."

ఎక్కడో ఏదో తేడా కొట్టింది. అప్‌డేట్ అయితే కంప్యూటర్ తిరిగి లేవాలి, ఆగిపోకూడదు. ఆ మధ్యాహ్నం కొట్లోనే కూర్చుంటానన్నాను. భోజనానికి రమ్మని రెండుసార్లు పిలిచి, టిఫిన్ డబ్బా పట్టుకుని గబగబా వెళ్లిపోయింది. ఎండలకు సత్తిబాబు సైటు మధ్యాహ్నం ఆపేస్తారు. అతని డ్యూటీ తెల్లవారకముందే మొదలవుతుంది, ఆమె రాత్రి ఇంటికొచ్చేసరికి అతను నిద్రలో ఉంటాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తినేది ఆ మధ్యాహ్నం పూటే.

ఒంటిగంటన్నర కాకముందే ఫట్‌మని కొట్టంతా చీకటైంది. ఏసీ ఆగింది, కంప్యూటర్ ఆగింది. దాని కింద ఉన్న యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది కాబట్టి అది కుయ్యిమని కూడా అనలేదు.

"కాకా! కరెంటు వోయింది!" అని అరిచాను. వాచ్‌మన్ గంగారాం మా పక్క జిల్లావాడే, జగిత్యాల.

"పోలేదు సారూ, నేనే బంద్ జేసిన" అన్నాడు తాపీగా, మెయిన్ స్విచ్ దగ్గరినుంచి. "నిరుడు స్టోర్ల ఏసీ కాలి మంటలేసినయ్. కొట్టు మూసినంక అంత బంద్ వెట్టుమని అర్బాబ్ జెప్పిండు. నాలుగు గాకముందే మల్ల ఏస్త."

అర్బాబ్ అంటే యజమాని. గంగారాం ఆ మాట ఒక్కరోజు కూడా తప్పలేదు. సునీత కూడా తను చూసిందే చెప్పింది, ఆగిన తెర చూసి అప్‌డేట్ అయిపోయిందనుకుంది. రికార్డూ అబద్ధమాడలేదు. నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియక చెమటలో తడుస్తూ కూర్చున్నాను.

నాలుగింటికి సునీత వచ్చి ఆగిపోయిన తెర చూపించింది. "చూశారా, అయిపోయింది!"

జరిగింది చెప్పాను. మొదట పకపకా నవ్వింది. తర్వాత స్టూలుమీద కూలబడి కొంగు కళ్లకద్దుకుంది. "రాత్రి మా ఆయన నిద్ర మానుకుని సామాను సర్దేశారండీ. నువ్వు బురైమి వెళ్తే నేనూ వచ్చేస్తాను, పని పోతే పోనీ అన్నారు." కారులో వస్తూ ఆమెను తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చాయి.

అక్కణ్నుంచే హమద్‌కు ఫోన్ చేశాను. అంతా విని, "ఖలాస్, ఆ మాట ఇక వదిలేయ్. ఆమె ఎక్కడికీ పోదు. ముందు ఆ స్విచ్ సంగతి చూడు" అన్నాడు.

కరెంటు బోర్డులో కౌంటర్ లైన్ విడిగానే ఉంది. ఏసీలవీ లైట్లవీ ఆపి, ఇదొక్కటీ ఉంచితే చాలు. గంగారాం మాత్రం ససేమిరా అన్నాడు. "అర్బాబ్ జెప్తెనే." చివరికి హమద్ అర్బాబ్‌తో మాట్లాడి, అర్బాబ్ గంగారాంతో మాట్లాడాక గానీ ఆ స్విచ్‌ను వదల్లేదు. కొత్త బ్యాటరీ వేయించి, సహం విండోను మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు మార్చి రాత్రికి మస్కట్ చేరాను.

మర్నాడు అన్నం కూడా తినకుండా తెరముందు కూర్చున్నాను. రెండు దాటాక ఎర్రచుక్క పచ్చబడింది. ఆనందం పట్టలేక కొట్టుకే ఫోన్ కొట్టాను. గంగారాం ఎత్తాడు.

"సునీత లేదా కాకా?"

"ఇంటికి వోయింది సారూ. ఉంట అన్నది. నేనే, ఉండకు బిడ్డా, పోయి ఇద్దరు తినుండ్రి అన్న. నీ మిషిన్ కాడ నేను గూసున్న. అది మంచిగనే ఉన్నది."

ఏసీ లేని ఆ ఉక్కలో, ఎవరూ కాపలా ఉండనక్కర్లేని కంప్యూటర్‌కు ఆయన కాపలా కూర్చున్నాడు. వద్దన్నా వినలేదు.

ఎవరు ఏ బటన్ నొక్కారో నా తెర చెబుతుంది. ఎందుకు నొక్కారో కావాలంటే వెళ్లి ఆ కొట్లో కూర్చోవాల్సిందే. అన్నిచోట్లకూ వెళ్లడం కుదరదు కాబట్టి, ఇప్పుడు కొత్త బ్రాంచి ఏది తెరిచినా విండో పెట్టేముందు అక్కడివాళ్లకు ఫోన్ చేసి ఒకటే అడుగుతాను. మీరు అన్నం ఎప్పుడు తింటారు, ఎవరితో తింటారు అని. సిస్టమ్ అడ్మిన్‌కు ఆ గొడవ ఎందుకని కొందరు నవ్వుతారు. నవ్వుతూనే చెబుతారు.