మూత మీది నంబరు

విస్తీన్‌కి చూపించే ముందు ఇంజన్ని కడగకూడదు. మార్సాలో షెడ్డున్న ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. కడిగి పెడితే ఆయన చూడకుండానే తిరిగి వెళ్ళిపోయేవాడు. ఏళ్ళ తరబడి పేరుకున్న జిడ్డులో ఎక్కడ చెయ్యి పడిందో, ఎక్కడ పడలేదో ఆయనకి కావాలి.

ఆయన వెంట తెచ్చుకునే సామాను తక్కువ. ఒక వైరు బ్రష్షు, సీసాలో కాస్త కిరసనాయిలు, సుద్దముక్క, పాత రాగి నాణెం ఒకటి. నాణెం అంచుతో రంగు గీకేవాడు. ఉలితో గీకితే ఇనుముకి గాటు పడుతుంది. ఇనుము బయటపడ్డాక సుద్ద రుద్ది, అరచేత్తో తుడిచేవాడు. గుంటల్లో సుద్ద నిలిచి అంకెలు తెల్లగా కనబడేవి. పోతలోనే లేచిన అంకెలు ఇంజన్ని ఏ ఏడు పోశారో చెబుతాయి. తర్వాత అంకెల అచ్చు పెట్టి సుత్తితో కొట్టిన అంకెలు అది ఏ ఇంజనో చెబుతాయి. ఈ దీవిలో బస్సులన్నీ అతుకుల బస్సులే. చాసీ మిలిటరీ లారీది, బాడీ ఊళ్ళో కట్టింది, ఇంజను ఏ ఓడలో దిగిందో ఏ పడవలోంచి లేచిందో ఎవరికీ తెలియదు. విస్తీన్‌కి తెలుసు.

బస్సుల వాళ్ళు ఆయన్ని ఇంజన్ల పాదిరి అనేవారు. తమ బండి చేత పాపాలు ఒప్పించమని వేళాకోళమాడేవారు. ఆయన నవ్వేవాడు కాదు. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకి మాత్రం ఒకే మాట చెప్పేవాడు.

"ప్లేటు చొక్కా లాంటిది. ఎవడిదైనా ఎవడికైనా తొడగొచ్చు. ఒళ్ళు చూడండి."

పద్నాలుగో ఏట ఓడల రేవులో పనికి చేరాడు. ఇరవై రెండో ఏట మార్సాలో సొంత షెడ్డు పెట్టాడు. దొలోర్‌ని పెళ్ళి చేసుకున్నాడు, పిల్లలు లేరు. ఆయన గురించి చెప్పడానికి ఇంతకంటే పెద్దగా ఏమీ లేదు, అన్న నాత్సు సంగతి తప్ప.

వాళ్ళ నాన్న మికీల్‌కి జెయ్తూన్ ఊరి నుంచి రాజధాని వలెట్టాకి నడిచే బస్సు ఒకటుండేది. డ్రైవరు సీటుకి పైన పునీతురాలు సాంతా కతరీనా బొమ్మ, దాని ముందు ఎర్రదీపం. ఇంజను లేలండ్. దాని నంబరు 61847. మికీల్ ఆ నంబరుని ఇద్దరు కొడుకుల చేతా జపమాల తర్వాత చెప్పించేవాడు. బస్సు రోజు విడిచి రోజు నడిచేది. నడవని రోజున తండ్రీకొడుకులు ముగ్గురూ దాని కిందే ఉండేవారు. మధ్యాహ్నం తల్లి జూజా టమాటా రుద్దిన రొట్టెలు పట్టుకొచ్చి చక్రం పక్కన పెట్టేది. మసిచేతులతోనే తినేవారు.

మికీల్ పోయాక బస్సు చెరిసగం అయింది. నాత్సు నడిపేవాడు, విస్తీన్ బాగుచేసేవాడు.

1980లో విస్తీన్‌కి కామెర్లు వచ్చాయి. రెండు నెలలు మంచంలో ఉన్నాడు. అప్పుడే ఇంజను మొరాయిస్తే నాత్సు వేరే షెడ్డులో విప్పించాడు. విస్తీన్ లేచి, పసుపు వదలని కళ్ళతో బానెట్ ఎత్తి చూశాడు. ఇంజను పక్క మూత మీద ఇత్తడి ప్లేటుంది. ప్లేటు మీద 61847 లేదు. వేరే నంబరేదో ఉంది.

నాత్సు మామూలుగానే చెప్పాడు. పాత మూత పగిలిందని, షెడ్డులో ఇంకో ఇంజను మూత దొరికితే బిగించారని, ప్లేటు ఆ మూతతో పాటు వచ్చిందని. విస్తీన్ ఇంజను వేయించి విన్నాడు. పంపు కూడా మార్చి బిగించారు కాబట్టి శబ్దం మారింది. అది తమ నాన్న ఇంజను కాదన్నాడు. ఆ నెలలోనే నాత్సు మార్సాష్‌లొక్‌లో చేపల పడవ ఒకటి కొన్నాడు. ఆ పడవలోనూ లేలండే ఉంది. విస్తీన్‌కి అంతకంటే సాక్ష్యం అక్కర్లేకపోయింది. మంచి ఇంజను పడవలోకి పోయింది, చెత్త ఇంజను బస్సులోకి వచ్చింది.

"బ్రష్షు తీసుకుని గీకి చూడు" అన్నాడు నాత్సు. "నీ పనే కదా."

"చూడక్కర్లేదు."

"ఊళ్ళో అందరి ఇంజన్లూ చూస్తావు."

"వాళ్ళు నా అన్నలు కారు" అన్నాడు విస్తీన్.

ఆ వారంలోనే తన సగం బయటివాడికి అమ్మేశాడు. కొన్నాళ్ళకి నాత్సు ఆ సగాన్నీ కొనుక్కున్నాడు. జెయ్తూన్‌లో పండగలకి బాజాలు వాయించే బ్యాండు క్లబ్బులు రెండు. నాత్సు తమ పాత క్లబ్బులోనే ఉండిపోయాడు కాబట్టి విస్తీన్ రెండో దానికి మారాడు. అక్కడి కార్యదర్శి చేత లైసెన్సుల ఆఫీసుకి ఒక అర్జీ టైపు చేయించాడు. ఫలానా బస్సులో ఇంజను దొంగతనంగా మార్చారని, ఇంజన్ల పనిలో అనుభవం ఉన్నవాడిగా చూసి ధ్రువీకరిస్తున్నానని. ఆఖరి వాక్యం ఆయన సొంతంగా చెప్పి కొట్టించాడు. ఇనుము మీద పాత నంబరే కనబడినట్టయితే, అది యజమాని తర్వాత కొట్టించిన నంబరని గ్రహించవలసిందిగా మనవి.

కార్యదర్శి టైపు ఆపి, చూశావా అని అడిగాడట. నువ్వు టైపు చెయ్యి అన్నాడట విస్తీన్.

ఎవరో ఇన్‌స్పెక్టరు ఒకసారి వచ్చి చూసిపోయాడు. ఏమీ జరగలేదు. అర్జీ ఫైల్లోకి వెళ్ళింది.

ముప్పై ఒక్క ఏళ్ళు ఆ బస్సు రోజు విడిచి రోజు మార్సా మీదుగా పోయింది. షెడ్డు ముందుకి వచ్చేసరికి విస్తీన్ ఏ ఇంజనులో తల దూర్చి ఉన్నా చెవి అటే ఉండేది. చూశారా, నాన్నది ఇలా దగ్గేది కాదు అనేవాడు పక్కనున్నవాళ్ళతో. జూజా చనిపోయిన రోజున కొడుకులిద్దరూ చర్చిలో చెరో వైపు కూర్చున్నారు. శవపేటికని ముందువైపు ఒకడు, వెనకవైపు ఒకడు పట్టుకున్నారు. నాత్సు పడవ కొన్నాళ్ళకి కాలిపోయింది. ఆ ఇంజనుని ముక్కల కింద అమ్మేశారు. దాని నంబరు కూడా విస్తీన్ ఎప్పుడూ చూడలేదు.

2011 వేసవిలో పాత బస్సులన్నిటినీ ఒక్క రోజుతో ఆపేశారు. యజమానులు వరుసగా తెచ్చి పెద్ద మైదానంలో నిలిపి తాళాలు ఇచ్చేశారు. కొన్నిటిని ప్రదర్శనకి ఉంచుతారని, మిగతావి ఇనుము కింద పోతాయని చెప్పారు. ఉంచాలంటే మొదటి ఇంజను ఉండాలి. అది తేల్చడానికి ఆఫీసువాళ్ళు పిలవగల మనిషి దీవిలో ఒక్కడే. అప్పటికి విస్తీన్‌కి అరవై ఏడేళ్ళు.

మరియెల్లా అనే గుమస్తా అమ్మాయి ఫైళ్ళు పట్టుకుని ఆయన వెంట తిరిగింది. మొదటి రోజే రెండు బస్సుల్ని ఆయన పనికిరావని తేల్చేశాడు. నంబరు సరిపోయింది కదా అని ఆ అమ్మాయి అడిగితే, అంకెల గుంటలు చూపించాడు. లోపల తుప్పు లేదు, అంచులు పదును. ఇవి ఈ మధ్యనే ఎవడో కొట్టించినవి. ఆ అమ్మాయి నోటుబుక్కులో రాసుకుంది.

మూడో రోజు వరుసలో నాత్సు బస్సు వచ్చింది. సాంతా కతరీనా బొమ్మని ఎవరో విప్పుకుపోయారు. ఎర్రదీపం వైర్లు వేలాడుతున్నాయి. గేటు దగ్గర కుర్చీ వేసుకుని నాత్సు కూర్చుని ఉన్నాడు. తాళం ఇచ్చేశాక కూడా కొందరు యజమానులు అలా రోజూ వచ్చి కూర్చునేవారు.

దీన్ని వదిలేసి తర్వాతిదానికి పోదామా అని మరియెల్లా మెల్లగా అడిగింది. అన్నదమ్ముల సంగతి ఆమెకి కూడా తెలుసు. విస్తీన్ బానెట్ ఎత్తాడు. ప్లేటు వైపు చూడలేదు. మూతకి పైన, గొట్టాల వెనక, చెయ్యి అతికష్టం మీద దూరే చోట కిరసనాయిలు పోశాడు. రంగు పొరలు పొరలుగా లేచింది. ముందు పసుపు, దాని కింద ఆకుపచ్చ. అన్నిటి కింద బూడిదరంగు, ఫ్యాక్టరీలో వేసింది. ఆ రంగు అంకెల గుంటల్లోకి కూడా దిగి ఉంది. నాణెంతో గీకాడు, సుద్ద రుద్దాడు, తుడిచాడు.

6, 1, 8, 4, 7.

నాలుగు కాస్త పక్కకి వాలి ఉంది. మికీల్ ఎప్పుడూ ఆ నాలుగుకి కాలు నొప్పి అనేవాడు. విస్తీన్ ఆ నాలుగుని బొటనవేలితో ఇంకోసారి తుడిచాడు. మరియెల్లా రెండుసార్లు పిలిచింది.

"ఇదే" అన్నాడు లేచి. "మొదటి ఇంజనే. రాసుకో."

ఆమె ప్లేటు చూసింది, ఫైలు చూసింది. ఫైల్లోంచి ఒక పసుపుబారిన కాగితం తీసి ఆయన చేతికిచ్చింది. కింద ఆయన సంతకముంది.

"ఇది తప్పు" అన్నాడు విస్తీన్. "నేను చూడకుండా రాశాను."

"చూశానని రాశారు మాస్టారూ."

"గుంటల్లో రంగు చూడమ్మా. ఫ్యాక్టరీ రంగు. ఎవడూ తర్వాత కొట్టింది కాదు."

"నాకు రంగులు తెలియవండి. మొన్న మీరు చెబితేనే అంకెలు తెలిశాయి." ఆ అమ్మాయి ఇబ్బందిగా గేటు వైపు చూసింది. "నంబరు కలిసినా నమ్మొద్దని మీరే రాశారు. ఇప్పుడేమో నమ్మమంటున్నారు. ఆయన మీ అన్నగారు. పైన అడిగితే నేనేం చెప్పను?"

విస్తీన్ ఆఫీసుకి వెళ్ళాడు. ఒకరి తర్వాత ఒకరికి చెప్పాడు. ఎవరూ విసుక్కోలేదు. అందరూ ఆ కాగితం ఒకసారి చదివి ఆయనకే తిరిగి ఇచ్చారు. ఒక పెద్దాయన మాత్రం, ఇంత గట్టిగా రాసిన మనిషి మాటని ఇప్పుడు ఎలా కాదనడం అన్నాడు. ఆ మనిషి నేనే అన్నాడు విస్తీన్. అందుకే కాదనలేం అన్నాడు ఆ పెద్దాయన.

సాయంత్రం గేటు దగ్గరికి వచ్చాడు. నాత్సు ఇంకా కూర్చునే ఉన్నాడు. డెబ్భై దాటిన మనిషి, చొక్కా జేబులో ఇంకా టికెట్ల పెన్సిలు.

"అన్నా" అన్నాడు విస్తీన్. ఆ మాట గొంతుకి అలవాటు తప్పింది. "అది నాన్న ఇంజనే."

"తెలుసు."

"పాత నంబరు చూశాను."

"మూత మార్చిన రోజు నేను పక్కనే ఉన్నానురా. నువ్వు మంచంలో ఉన్నావు. నీకు చెప్పాను కూడా."

"ఒక్కసారి నన్ను లాక్కెళ్ళి చూపించాల్సింది."

నాత్సు కుర్చీలో వెనక్కి వాలాడు. "నేను చెబితే నమ్మలేదు. ఇనుము చెబితే నమ్మావు. సరే. ఇప్పుడు ఇనుముతోనే మాట్లాడుకో."

విస్తీన్ అర్జీ సంగతి చెప్పాడు. తన కాగితమే బస్సుకి అడ్డుపడిందని చెప్పాడు. నాత్సు ఆశ్చర్యపోలేదు. ఆ కాగితం ఉన్నట్టు ఊళ్ళో అందరికీ తెలుసన్నాడు. టైపు చేసినవాడు ఆ రాత్రే రెండు క్లబ్బుల్లోనూ చెప్పాడట.

తర్వాతి బుధవారం ఇనుప పంజా ఉన్న బండి వచ్చింది. జెయ్తూన్ బస్సు వంతు వచ్చేసరికి విస్తీన్ కంచె ఇవతల నిలబడి ఉన్నాడు. బాడీ తేలిగ్గానే నలిగింది. ఇంజను కింద పడ్డప్పుడు చప్పుడు నేల లోపలికి పోయింది. అక్కడ పనిచేసే ఇద్దరు కుర్రాళ్ళతో ఏదో మాట్లాడి నాత్సు లోపలికి వెళ్ళాడు. స్క్రూడ్రైవరు అడిగి తీసుకున్నాడు. తిరిగి వచ్చి విస్తీన్ ముందు చెయ్యి చాపాడు. చేతిలో ఇత్తడి ప్లేటు ఉంది, వేరే ఇంజను నంబరుతో.

"ఇదిగో" అన్నాడు. "నువ్వు నమ్మింది ఇదే కదా. ఉంచుకో."

ఇద్దరూ రోడ్డు మీద ఒకే స్టాపులో నిలబడ్డారు, మధ్యలో నలుగురు మనుషులు పట్టేంత దూరంలో. కొత్త బస్సు వచ్చింది. పొడుగ్గా, తెల్లగా, వాళ్ళిద్దరికీ తెలియని ఇంజనుతో. విస్తీన్ ఎక్కి వెనక్కి తిరిగి చూశాడు.

నాత్సు ఎక్కలేదు. తర్వాతిదానికి వస్తానన్నట్టు డ్రైవరుకి చెయ్యి ఊపాడు.