మూడు వేళ్ళ సందు

కడపలో ఓ పైపుల డిజైన్ ఆఫీసులో ఇంజనీరుగా పనిచేసే సుప్రజకు మతిమరుపు జాస్తి. గొడుగు బస్సులో మరిచిపోతుంది, పొయ్యి మీద పాలు మరిచిపోతుంది. కాంట్రాక్టరు భూపేష్ చేసింది మాత్రం ఒక్కరోజూ మరవలేదు. మరవాలని అనుకోనూ లేదు.

ఆమె అన్న ఓబుళేశు భూపేష్ దగ్గర ఫిట్టరు. ఓ ఫ్యాక్టరీలో, బాయిలరుకు వేడినీళ్ళు తోసే పంపుకు పైపు కలపాలి. పైపు పంపు మూతికి అందలేదు, రెండు వేళ్ళ సందు మిగిలింది. కోసి మళ్ళీ అతికిద్దామన్నాడు ఓబుళేశు. అంత ఓపిక భూపేష్‌కు ఎక్కడిది? చైన్ పుల్లీ వేసి లాగించి, బోల్టులు బిగింపజేశాడు. బలవంతపు పెళ్ళి ఎన్నాళ్ళు నిలుస్తుంది? వేడెక్కగానే పంపు మెడ పగిలి, మసిలే నీళ్ళు ఓబుళేశు కుడిచేతిని కాల్చేశాయి.

"వాడే బోల్టులు వంకరగా బిగించినాడు" అన్నాడు భూపేష్. అందరూ నమ్మారు. తర్వాత ఓబుళేశును ఎవరూ పనికి పిలవలేదు. ఇప్పుడు కమలాపురంలో, ముడుచుకుపోయిన చేత్తోనే సైకిళ్ళకు పంచర్లు వేస్తాడు. సుప్రజ భూపేష్ పేరెత్తి పళ్ళు కొరికినప్పుడల్లా "పోనీలేమే" అంటాడు. ఆ మాట వింటే ఆమెకు కడుపు ఇంకా మండుతుంది.

పైపు తన బరువుతో, వేడికి సాగే సాగుడుతో పంపు మూతిని ఎంతవరకు నెట్టవచ్చో హద్దు పెట్టడం సుప్రజ పని. డోన్ దగ్గర కట్టే కొత్త ఫ్యాక్టరీకి ఆ హద్దులు పెట్టే పని ఆమె బల్ల మీదికొచ్చింది. పైపుల కాంట్రాక్టరు భూపేష్. దేవుడున్నాడని ఆమె ఆరోజే నమ్మింది.

భూపేష్ స్వీటు డబ్బాతో దిగాడు.

"నువ్వు మన ఓబుళేశు చెల్లెలివి గదమ్మా! వాడు శానా మంచోడు, తొందరెక్కువ గానీ. పాపం, చెయ్యి కాల్చుకున్యాడు. పంపు మీద ఆ లోడు హద్దు రవ్వంత పెంచు తల్లీ, మనోళ్ళమే గదా."

కాల్చుకున్నాడట! సుప్రజ ఒళ్ళు భగ్గుమంది. "చూస్తాలే సార్" అంది నవ్వుతూ.

అతను గేటు దాటకముందే ఆ అంకెను సగానికి కోసింది. ఇక అతని పైపుల్లో ఒక్కటీ గట్టెక్కదు. ఆమె కడుపు చల్లబడింది. కానీ రేపు భూపేష్ పంపు కంపెనీ లెక్క తెచ్చి, పాత కక్షతో తగ్గించిందని జిల్లా అంతా చాటితే? మళ్ళీ వాడే మంచోడు, తామే చెడ్డోళ్ళు. దొంగకు సాకు దొరకనివ్వకూడదు.

అందుకే పంపు ఎంత ఓర్చుకోగలదో హద్దు అంతే, గోరంత తేడా లేకుండా పెట్టింది. కింద ఒక షరతు చేర్చింది: పంపు తిప్పేముందు మూతి దగ్గరి బోల్టులు కాంట్రాక్టరే తన చేత్తో విప్పి, పైపు కదలదని చూపించాలి. కాగితం మీద ఏ పైపైనా బుద్ధిగానే ఉంటుంది. దాని అసలు గుణం బోల్టు విప్పితే గానీ బయటపడదు.

భూపేష్ షరతు చదివి నవ్వాడు, ఎవరొచ్చి చూస్తారులే అని. సుప్రజ వచ్చింది. ఫ్యాక్టరీ పెద్దలందరినీ వెంటబెట్టుకుని మరీ వచ్చింది.

తెల్లచొక్కా భూపేష్ స్పానర్ పట్టుకోక తప్పలేదు. చివరి బోల్టు రాలేదు. సుత్తితో కొట్టాడు. ఠంగుమని పైపు పక్కకెగిరింది. అతను వెనక్కి, గ్రీజు మడుగులో పడ్డాడు. పైపుకూ పంపు మూతికీ మధ్య సందు మూడు వేళ్ళు.

"ఎట్ల బిగించినావురా ఏసన్నా!" అని ఫిట్టరు మీదికి లేచాడు.

ఏసన్న పైకి చూశాడు. చైన్ పుల్లీ ఇంకా దూలానికే వేలాడుతోంది. "నువ్వు లాగమంటేనే గదన్నా లాగినాము" అన్నాడు.

ఈసారి అందరూ విన్నారు. పైపులన్నీ సొంత ఖర్చుతో కోసి మళ్ళీ వేయాలని అక్కడికక్కడే తేల్చేశారు. భూపేష్ మొహంలో నెత్తురుచుక్క లేదు. సుప్రజకు జాలి కలగలేదు. తిరుగు బస్సెక్కి, అన్నకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది.

"సందు ఎంత వచ్చినాదిమే?" అన్నాడు ఓబుళేశు.

"మూడు వేళ్ళు, అన్నా."

పోనీలేమే అంటాడని ఆమె ఎదురుచూసింది.

"నాది రెండు వేళ్ళే" అన్నాడు. "నా చెయ్యి కాలినాక వానికి ఇంకో వేలు ధైర్యమొచ్చినాది. వాడు ఇట్ల లాగిచ్చిన పంపులు ఇంకా యాడ్యాడ తిరుగుతాండాయో నాకు తెల్సు. రేప్పొద్దున రామే. ఇద్దరం పోయి అన్నీ విప్పిద్దాం."