జోగయ్య కుడి పక్క వినిపించింది

దేవుని సన్నిధిలో నిలబడి చెబుతున్నట్టే చెబుతున్నాను. ఇందులో ఒక్క మాట కల్పించింది కాదు.

నేను సంఘంలో పెరిగిన దాన్ని. తల్లాడలో మా చర్చిలో ఇంటర్ చదివే రోజుల నుంచే పిల్లలకు వాక్యం చెప్పిన దాన్ని. దెయ్యాల కథలంటే నాకు భయం లేదు, చిరాకు. హాస్టల్లో ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయేదాన్ని. అలాంటి నన్ను పట్టుకుని "నిద్ర లేక నీకు అట్ల అనిపించింది, మెర్సీ" అని ఎంతమంది తేల్చేశారో! నిద్ర లేకపోతే కళ్లు మూతపడతాయి. ఎదుటి మనిషి ఛాతీలో మాటలు వినబడవు.

మా కాలేజీ పేరు చెప్పను. ఖమ్మం దాటాక, భద్రాచలం అడవి మొదలయ్యే వైపు ఉంటుంది. అప్పుడు నాది ఎంబీబీఎస్ ఆఖరి సంవత్సరం. గురువారం ప్రాక్టికల్ పరీక్ష. ఆ పరీక్షలో ఒక్కొక్కరికి ఒక్కో రోగిని అప్పగిస్తారు. మనిషిని చూసి, తట్టి, విని జబ్బేమిటో చెప్పాలి. ఏ రోగులను పెడతారో మాకు ముందే తెలిసిపోతుంది. తెలిసిన దగ్గర నుంచి ఆ మంచాల చుట్టూ ఈగల్లా ముసురుకుంటాం.

ఆ ఏడు అందరి కళ్లూ ఎనిమిదో నంబరు మంచం మీదే. జోగయ్య. చర్ల అవతల అడవిలో ఒక కోయగూడెం ఆయనది. యాభై ఏళ్లుంటాయి. టీబీ. కుడి ఊపిరితిత్తి చుట్టూ నీళ్లు చేరాయి, దాదాపు మెడ కింది ఎముక దాకా. పరీక్షకు ఇంతకంటే మంచి కేసు ఉండదు. కుడి పక్క వేలితో తడితే బండ మీద తట్టినట్టు మొద్దు శబ్దం. స్టెతస్కోపు పెడితే ఏమీ వినిపించదు. పుస్తకంలో రాసింది రాసినట్టే.

ఇప్పుడు నా కడుపు మండే మాట చెబుతాను. ఆ నీళ్లు తీసేయవచ్చు. వీపులోంచి సూది పెట్టి లీటరు నీళ్లు తీస్తే ఆ మనిషికి ఊపిరి అందుతుంది. అరగంట పని. కానీ ల్యాబుకు పంపడానికి కొద్దిగా నీళ్లు తీసి, మిగతాది మా పరీక్ష కోసం అలాగే ఉంచారు. "గురువారం దాకా ఎవరూ ముట్టొద్దు, సైన్స్ పోతయ్" అన్నారు మా విభాగం పెద్ద సారు. సైన్స్ అంటే జబ్బు గుర్తులు. గుర్తులు పోకూడదు. మనిషి ఆయాసపడుతూ కూర్చోవచ్చు.

ఎవరమూ నోరు మెదపలేదు. నేనూ మెదపలేదు. ఇంకా నీచం ఏమిటంటే... ఆ కేసు నాకే రావాలని నేను మోకరించి ప్రార్థన చేశాను. మా సంఘం వాళ్లు నా పరీక్ష కోసం ఒకరి తర్వాత ఒకరు గొలుసు ప్రార్థన పెట్టుకుంటే, వాళ్లతోనూ చేయించాను. ఆయన ఊపిరి కోసం ఒక్క మాట అడగలేదు.

సోమవారం రాత్రి. ఒంటిగంట దాటింది. పగలు వెళ్తే మంచం దగ్గర చోటు దొరకదని నేను, నా రూమ్మేట్ స్రవంతి అప్పుడు వెళ్లాం. వార్డులో ఒక్క బల్బు. ఫ్యాను కిర్రు... కిర్రుమంటోంది. జోగయ్య రెండు దిండ్ల మీదికి వంగి కూర్చుని ఉన్నాడు. పడుకోలేడు కదా. భార్య సమ్మక్క మంచం పక్కన కింద గోతాం పరుచుకుని పడుకుంది. మమ్మల్ని చూసి లేచింది.

"మళ్ల వచ్చిన్రా బిడ్డా," అంది. కోపం లేదు ఆ గొంతులో. అలసట.

"ఒక్క ఐదు నిమిషాలే అమ్మా," అన్నాను.

"పొద్దుగాల నుంచి గదే ఐదు నిమిషాలు," అంది. అయినా పక్కకు జరిగింది.

చొక్కా పైకెత్తాను. కుడి వీపు మీద చర్మం ఎర్రగా కమిలి ఉంది. పగలంతా మేం తట్టిన చోటే. చూశాను... చూసీ నేనూ తట్టాను. మొద్దు శబ్దం. స్టెత్ పెట్టాను. "ఒకటి, ఒకటి అను పెద్దయ్యా." రోగి చేత అలా అనిపించి, ఆ మాట లోపల ఎలా మోగుతుందో వినాలి. ఆయన అన్నాడు. లోపల ఏమీ మోగలేదు. "మళ్ళీ," అన్నాను. మళ్ళీ అన్నాడు. నోట్సు చూసుకుంటూ ఇంకోసారి "మళ్ళీ" అన్నాను. ఈసారి ఆయన పలకలేదు. తల దిండు మీద వాల్చేశాడు. పెదవులు మూసుకున్నాడు.

స్టెత్ ఇంకా అక్కడే ఉంది. తీయబోయాను.

అప్పుడు...

శ్వాస వినబడింది.

ముందు ఎడమ పక్కదే అనుకున్నాను. కాదు. జోగయ్య గబగబా ఎగశ్వాస తీస్తున్నాడు, నిమిషానికి ముప్పై ఐదు దాకా. నా చెవుల్లో వినబడుతున్నది మెల్లగా ఉంది. చాలా మెల్లగా. లోపలికి... ఆగి... బయటికి. హాయిగా నిద్రపోతున్న మనిషి తీసే శ్వాస. ఆయన ఛాతీ మూడుసార్లు లేచి పడితే అది ఒక్కసారి నడుస్తోంది.

నాదేనేమో అని ఊపిరి బిగపట్టాను. అది ఆగలేదు. ఫ్యానేమో అనుకున్నాను. స్టెత్ ఎత్తాను. నిశ్శబ్దం. మళ్లీ పెట్టాను. లోపలికి... ఆగి... బయటికి.

నోట్లో ప్రార్థన మొదలైంది, నేను మొదలుపెట్టకుండానే. స్రవంతి వైపు చూశాను. "ఏందే?" అంది. స్టెత్ తీసి దాని చెవుల్లో పెట్టాను. అది వింది. కనుబొమలు ముడిపడ్డాయి. తర్వాత ముఖం తెల్లబడింది. ఒక్క ఉదుటున తీసి నా చేతిలో కుక్కి, రెండడుగులు వెనక్కి వేసింది.

నేను మళ్లీ పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో ఇప్పటికీ తెలియదు. శ్వాస లేదు. నీళ్ల అడుగున ఉన్నట్టు ఒత్తిడి మాత్రం ఉంది. పది లెక్కపెట్టేంత సేపు. తర్వాత చాలా దగ్గరగా... నా చెవిలో నోరు పెట్టి చెప్పినంత దగ్గరగా...

"మళ్ళీ."

ఒక్కటే మాట. జోగయ్య పెదవులు మూసే ఉన్నాయి. నేను ఆయన ముఖం వైపే చూస్తున్నాను. ఆయన కళ్లు తెరిచి నన్నే చూస్తున్నాడు. ఆ గొంతు ఆయనది కాదు. మగదో ఆడదో చెప్పలేను. నాది అని ప్రమాణం చేయలేను. నాది కాదనీ చేయలేను.

పరుగెత్తాను. డ్యూటీలో ఉన్నది మా సీనియర్ అనిల్ అన్న. టేబుల్ మీద తల పెట్టుకుని ఉన్నాడు.

"అన్నా, ఎనిమిదో బెడ్డుకు నీళ్లు తీయాలె. ఇప్పుడే."

"సారు ముట్టొద్దన్నడు కదా. నీకు తెల్వదా?"

"తెలుసు."

"మరేంది? గురువారం గా కేసు నీకే వస్తదేమో. చేతులార ఖరాబు చేసుకుంటవా?"

"నాకొద్దు. వచ్చి ఒక్కసారి చూడు. చూసినంక కూడా వద్దంటే పొద్దున్నే సూపరింటెండెంట్ దగ్గరకు నేనే పోత."

"బెదిరిస్తున్నవా?"

"అవ్."

గొణుక్కుంటూ వచ్చాడు. జోగయ్య వేలికి క్లిప్పు పెట్టాడు. ఆక్సిజన్ ఎనభై రెండు చూపించింది. సాయంత్రం తొంభై ఒకటి అని కేసు షీటులో ఉంది. అనిల్ అన్న చేతులకు గ్లౌజులు తొడుక్కున్నాడు. "ట్రాలీ తేపో," అన్నాడు, అంతే. సూది పెట్టాడు. ఎండుగడ్డి రంగు నీళ్లు సీసాలోకి దిగుతుంటే సమ్మక్క భర్త తల పట్టుకుని వాళ్ల భాషలో ఏదో చెబుతూనే ఉంది. లీటరు పైన తీశాక ఆపాడు. జోగయ్య దిండ్లు తీసేసి పక్కకు ఒరిగి పడుకున్నాడు. నాలుగు రోజుల్లో పడుకోవడం అదే మొదటిసారి అని సమ్మక్క చెప్పింది.

పొద్దున్న పెద్ద సారు వార్డులో అందరి ముందు అడిగారు. "ఎవరు తీయమన్నరు?"

"నేనే సార్."

"గిట్లాంటి కేసు మళ్ల దొరుకుతదా? నువ్వు డాక్టరువా, పాస్టరువా?"

అందరూ నవ్వారు. స్రవంతి కూడా నవ్వింది. బయటికొచ్చాక దాన్ని పట్టుకుని అడిగాను. "నువ్వు ఇన్లేదా?"

"నాకేం ఇనబడలే," అంది, నా వైపు చూడకుండా. "పరీక్షల ముందు నన్ను గిట్ల ఇరికించకు, మెర్సీ."

దాన్ని క్షమించాను. క్షమించమని వాక్యం చెబుతుంది కనుక క్షమించాను. కానీ ఆ రాత్రి దాని ముఖం తెల్లబడటం నేను చూశాను.

ఆదివారం మా సంఘ పెద్దకు చెప్పాను. "అది అపవాది పని బిడ్డా. దవాఖానాలల్ల గసొంటివి తిరుగుతుంటయ్. మూడు రోజులు ఉపవాసం ఉండు," అన్నాడు. ఉపవాసం ఉన్నాను. కానీ నాకు ఒళ్లు మండింది. అపవాది, అంటే సైతాను అయితే ఆ మనిషి ప్రాణం నిలబడేలా ఎందుకు చేస్తాడు? దేవుని దూత అయితే మేం ఆయన్ని వేధించిన మాటే ఎందుకు పలుకుతాడు? రెండూ అడిగాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పంపించాడు.

పరీక్షలో నాకు గుండె జబ్బు మనిషి వచ్చాడు. అత్తెసరు మార్కులతో గట్టెక్కాను.

రెండు వారాల తర్వాత జోగయ్యను పంపించేశారు. మందుల సంచీ మోసుకుంటూ బస్సు దాకా నేనూ వెళ్లాను. ఆయన మెట్లెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. సమ్మక్క కింద నిలబడి ఉంది. పక్కన ఎవరూ లేరు. ఇక ఆగలేక ఆ రాత్రి నేను విన్నదంతా చెప్పి, ఇలాంటిది చెబుతున్నందుకు క్షమించమన్నాను.

సమ్మక్క ఆశ్చర్యపోలేదు. నన్నే వింతగా చూసింది.

"మేం దవాఖానకొచ్చిన రెండో రోజు నుంచి అది అంటనే ఉన్నది కదా బిడ్డా," అంది. "రాత్రిపూట నేను ఈపుకు చెవి పెడితే నాకు ఇనబడేది. మీరింతమంది గొట్టాలు పెట్టి ఇంటిరి. ఇనీ గమ్మునున్నరు అనుకున్నం."

"మళ్ళీ అనేనా అమ్మా, ఇంకేమన్నా అనేదా?"

ఆమె కిటికీలోకి చూసింది. జోగయ్య మా మాటలు వింటూనే ఉన్నాడు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

సమ్మక్క నా చేతిలోంచి సంచీ తీసుకుని బస్సెక్కింది.