దొరసాని పెట్టెలో పాట

మనవడు ఇల్లందు బజారు నుంచి కాపీ సీడీ తెచ్చాడు. అట్ట లేదు, పైన మార్కరుతో "పాత పాటలు" అని మాత్రం రాసి ఉంది. దొంగ సరుకు ఎందుకు తెచ్చావన్నాను.

"గట్లంటవేంది అమ్మమ్మా? దుకాణపాయన పాటలు ఆయన దగ్గర్నే ఉన్నయి గద!"

నాకు ఎనిమిదేళ్ళు నిండిన ఏడాది ఆషాఢంలో నేనూ ఈ మాటే అన్నాను.

దమ్మపేట దగ్గర మా ఊళ్ళో గ్రామఫోను దొరసాని ఇంట్లోనే ఉండేది. కిటికీ దగ్గర చేరిన పిల్లల్ని ఆమె తరిమేది. "ముల్లు గీకినకొద్దీ పాట అరుగుతది. అందరు ఇంటే నాకేం మిగుల్తది?"

ఎంతమంది వింటే పాట అంత తరుగుతుందని నేను లెక్క కట్టాను. అందుకే ఒక్కసారే విని మొత్తం నేర్చుకోవాలని పట్టుబట్టి, గోడవారన ఊపిరి బిగబట్టి విన్నాను.

మర్నాడు ఆమె ఇంటి వెనక పొలంలో ఆడవాళ్ళతో కలిసి నాట్లు వేస్తూ ఆ పాట ఎత్తుకున్నాను. దొరసాని గట్టు మీద ఆగింది.

"మా పాట నీకెక్కడిదే, దొంగపిల్లా?"

నేను తల దించలేదు. "ఒక్కసారే ఇన్న దొరసానమ్మా. పోయి పెట్టి చూడున్రి, మీ పాట మీకే ఉంది."

ఆడవాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయారు. దొరసాని నిజంగానే పోయి పెట్టింది. ఒక్క ముక్క తగ్గలేదు. నేను దొంగను కానని తేలిపోయిందనుకున్నాను.

నీ పాట, నా పాట అని తగువుపడ్డామే గాని, పాడినామె పేరు మా ఇద్దరికీ తెలియదు. ఈ సీడీ మీదా పాడినవాళ్ళ పేర్లు లేవు.

"పాడినవాళ్ళ పేర్లు కనుక్కొని రా," అన్నాను మనవడితో. "వాళ్ళ అసలు సీడీ కొందాం. అందాక ఇది పెట్టొద్దు."