బోర్డు మీద ఒక్క బిళ్ల

మంచిర్యాల దిక్కు ఒక బొగ్గుబాయిల ల్యాంపురూం ఇన్‌చార్జిగా రిటైరైన రెండో ఏడు, ఎండకాలంల, మా కాలనీ ఆడోళ్లు నాకు మళ్లీ డ్యూటీ వేసిన్రు. పాత క్వార్టర్ల లైను కూలగొట్టాలని ఆర్డరొచ్చింది. మనుషులు సామానుతోని పోయిన్రు, పిల్లులు ఉన్నకాడనే ఉన్నయి. వాటిని పట్టి, మంచి ఇండ్లు చూసి ఇచ్చే పని ఎదురింటి స్వరూప, ఆమె దోస్తులు నలుగురు మీదేసుకున్నరు. "అన్నా, నీకు లెక్కలంటే పానం గదా, గీ లెక్క నువ్వు చూస్కో" అన్నది స్వరూప. పిల్లుల లెక్కనా అని నవ్విన గని, మనసుల సంబురపడ్డ.

ల్యాంపురూం పద్ధతి చెప్త. బాయి దిగే మనిషి తన నంబరున్న ఇత్తడి బిళ్ల మాకిచ్చి దీపం తీసుకుంటడు. ఆ బిళ్లను బోర్డుకు తగిలిస్తం. పైకొచ్చి దీపమిస్తే బిళ్ల తిరిగిస్తం. బోర్డు మీద బిళ్ల ఉన్నదంటే మనిషి లోపలున్నట్టే. షిఫ్టయినంక ఒక్కటి మిగిలినా వెతకడానికి దిగాల్సిందే. కొందరు మహానుభావులు దీపం ఏదో మూలకు పెట్టి, చెప్పకుంట ఇంటికి పోయేటోళ్లు. వాళ్లను నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయరాదు.

గదే పద్ధతి పెట్టిన. లైనుల కనిపించిన పద్నాలుగు పిల్లులకు పద్నాలుగు రేకు బిళ్లలు, ఒక్కోదానికి ఒక పేరు. పిల్లి నా వరండాలకొస్తేనే బిళ్ల తీసేది. రెండు భైంసా పత్తి గోదాముకు పోయినయి, కొన్ని కరీంనగర్‌కు, మిగిలినయి కాలనీలనే కుదిరినయి. కూలగొట్టేనాడు పొద్దుగాల బోర్డు మీద ఒక్క బిళ్ల మిగిలింది. అది రాణిది.

డోజరొచ్చి నిలబడ్డది. నేను దాని ముందట కుర్చీ ఏసుకొని కూసున్న. ఒక్క పిల్లికోసం మిషన్ ఆపుతవా పెద్దమనిషీ అని డ్రైవర్ పరేషానయిండు. ముప్పై ఏండ్లల బిళ్ల ఉండంగ బోర్డు మూయలే, ఇప్పుడు మూస్తనా అన్న. గంటసేపు ఆడోళ్లు ఇల్లిల్లు తిరిగి పిలిచిన్రు. రాణి జాడ లేదు.

అంతల లచ్చవ్వ వచ్చింది. స్వరూప దోస్తులల్ల పెద్దామె. పిల్లి మొఖం చూస్తే పని చెడుతదనుకుంటనే మొదటిసంది బుట్టలు మోసిన మనిషి. రాణి నిన్నటిసంది తనింట్లనే ఉన్నదని మెల్లగ చెప్పింది. సాదుకుందామనుకున్నదట, నవ్వుతరని చెప్పలేదట! నా నోటికి పాత తిట్లన్ని వచ్చినయి, మింగిన. పిల్లి వరండాలకు రాకున్నా జాడ తెలిసింది గదా అని బిళ్ల తీసేసి, లెక్క సరిపోయింది, ఇగ కానీయమని డ్రైవర్‌కు చెయ్యూపిన.

ఇంజన్ మొదలైంది. "ఏం పిల్లో ఏమో, పాలు ముడుతలేదు, తలుపు గీరుకుంట ఒక్కతీరుగ ఒర్రుతున్నది" అని లచ్చవ్వ గొణిగింది. స్వరూప ఒక్క ఉరుకుల పోయి డోజరుకు అడ్డం నిలబడ్డది. "ఆపుండ్రి! దానికి పిల్లలున్నయి!"

మూడో క్వార్టర్ వంటింటి సజ్జ మీద, గోనెసంచి వెనక, కండ్లు తెరవని మూడు పిల్లలు దొరికినయి. డ్రైవరే సజ్జెక్కి, వాటిని తన రుమాల్ల చుట్టి దించిండు. లచ్చవ్వ ఇంట్ల రాణి వాటిని నాకుతుంటే, గీ ఎర్రది నాకే అన్నడు డ్రైవర్. రెండు నెల్లు ఆగాలె, ముందు నీ ఇల్లు చూడాలె అని స్వరూప అక్కడనే అతని పేరు రాసుకోను కాయిదం తీసింది.

నౌకరి చేసినన్ని రోజులు బోర్డు ఖాళీ అయితే నిమ్మళంగ ఇంటికి పోయిన. ఖాళీ బోర్డు చెప్పేది మనం లెక్కపెట్టినోళ్లు బయటికొచ్చిన్రని, అంతే. లోపల ఇంకెవరూ లేరని చెప్పే అధికారం దానికి ఏనాడూ లేకుండె, నేనే ఇచ్చిన.