పాత పెట్టె తెరుచుకుంటుందా?

మా పై పోర్షన్ సార్ పోయారని ఎవరూ చెప్పకముందే నాకు తెలిసిపోయింది. పోయిన నెల ఒక పొద్దున అంబత్తూరు బస్సులో ఉండగా వాళ్ళావిడ నంబరు నుంచి ఫోను మోగింది. నేను అక్కా అని పిలిచే ఆవిడకు గొంతు ఆపరేషను తరవాత గుసగుస తప్ప మాట రాదు. ఎవరికీ ఫోను చెయ్యరు. ఎత్తకముందే బస్సు దిగేశాను.

సార్ ఫైళ్ళకు తాళం వేసే చిన్న ప్రోగ్రాము ఒకటి రాశారు. దానికి బొమ్మలూ బటన్లూ లేవు. నల్ల తెర మీద ఒక వరుస టైపు చేస్తే ఫైలు పెట్టెలోకి పోయి తాళం పడుతుంది. వేసినవాళ్ళు తమ రహస్య వాక్యం కొడితేనే మళ్ళీ తెరుచుకుంటుంది. దాన్ని అందరికీ ఊరికే ఇచ్చేశారు. ఎక్కడెక్కడి వాళ్ళో వాడుతున్నామని మెయిల్ పెట్టేవారు. మా కంపెనీలోనూ వాడతాం. అది రాసింది మాధవరంలో మా ఇంటి మీద రేకుల గదిలో, బనీను వేసుకుని కూర్చునే మనిషని తెలిసిన రోజు నోరెళ్ళబెట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాను. "ఊరికే నిలబడేదేంది, ఈడ కూచో" అని కుర్చీ జరిపారు. అలా ఆరేళ్ళు ఆయన పనిలో సాయం చేస్తూ కూర్చున్నాను.

కొత్త వెర్షను వచ్చినప్పుడల్లా ఏం మారిందో ఒక కాగితం రాయాలి. నాకేమో కొత్తగా పెట్టిన సదుపాయాలు ముందు రాసుకుని మురిసిపోవాలని ఉండేది. ఆయన కొట్టేసేవారు. "సరిచేసినవి ముందు రాయి. మనల్ని నమ్మి ఇబ్బంది పడినోళ్ళకి ముందు జవాబు చెప్పాల, సరియా?" అనేవారు. ఆ కాగితం అక్కకు చదివి వినిపించేవారు. ఆవిడ ముఖం చిట్లిస్తే మళ్ళీ రాయాల్సిందే.

ఆ తరవాత ఇంకో తంతు ఉండేది. అక్క వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి కంప్యూటరు ముందు కూర్చునేవారు. మేమిద్దరం గోడవైపు తిరగాలి. ఆవిడ ఏదో టైపు చేసేవారు. మొట్టమొదటి వెర్షనుతో వేసిన పెట్టె ఒకటి తెరుచుకునేది. సార్ లోపల ఏముందో చూడకుండానే తెరిచిన కాపీని చెరిపేసేవారు. అప్పుడే కొత్త వెర్షను గడప దాటేది. బాగానే ఉంది ముసలివాళ్ళ చాదస్తం అని నవ్వుకునేదాన్ని.

ఒకసారి పాత పెట్టెలు ఎవరు వాడతారులే అని వాటిని తెరిచే భాగం మొత్తం నేను తీసిపారేశాను. అక్క వచ్చి కూర్చున్నారు. పెట్టె తెరుచుకోలేదు. ఆవిడ మళ్ళీ కొట్టారు, మళ్ళీ కొట్టారు. పాత వెర్షనుతో తెరుచుకోవచ్చు కదా సార్ అని సమర్థించుకోబోయాను. పాత వెర్షను నడిచే కంప్యూటరే దొరకని రోజు వస్తుందని, ఆ రోజు వాళ్ళు ఎవర్ని అడగాలని ఆయన మెల్లిగా అడిగారు.

మూడు రోజులు కూర్చుని ఆయనే సరిచేశారు. కాగితంలో మొదటి వరుస ఇలా రాశారు: పాత పెట్టెలు తెరుచుకోకపోవడం సరిచేశాం, పొరపాటు నాది. పొరపాటు నాది కదా సార్ అని నేనంటే, చూసి సరేనంది నేను కదా అన్నారు. ఆ రోజే అసలు సంగతి చెప్పారు.

"ఆ పెట్టెలో మీ అక్క గొంతుండాది. ఆపరేషనుకు ముందురోజు రికార్డు చేసి పెట్టింది. తర్వాత ఎవురూ విని జాలిపడకూడదని ఆమే తాళమేసింది. ఆ తాళం కోసమే ఇదంతా రాసినా."

మీరు ఎప్పుడూ వినలేదా అని అడిగాను.

"ఆమె రమ్మంటే కదా" అన్నారు.

ఇరవై ఏళ్ళకు పైగా ప్రతి వెర్షనుకూ ఆ పెట్టె ఆయన చేతికిందే తెరుచుకుంది. ఒక్కసారి కూడా వినలేదు. ఇంత పెద్ద మనసు పక్కన కూర్చుని నేను చాదస్తమని నవ్వాను!

తాళం లోపలి భాగమంతా కొత్తగా రాసే పని పోయేముందు నాకే అప్పగించారు. కర్మకాండ అయిన రెండు వారాలకు అది పూర్తయింది. కాగితం రాశాను, సరిచేసినవి ముందు. లాప్‌టాప్ పట్టుకుని మెట్లెక్కాను. ఈసారి తెరుచుకోకపోతే సరిచెయ్యడానికి ఆయన లేరు.

కాగితం చదివాను. అక్క ముఖం చిట్లించలేదు. చేతులు తుడుచుకుని కూర్చున్నారు. నేను గోడవైపు తిరిగాను. మీటల చప్పుడు ఆగింది. తిరిగి చూస్తే, తెరుచుకుంది.

అలవాటు ప్రకారం కాపీ చెరపబోయాను. అక్క నా మణికట్టు పట్టుకున్నారు. "పెట్టమ్మా" అంది గుసగుస.

పెట్టాను. గలగలమనే ఆడగొంతు ఒకటి గది నిండా వినిపించింది. "ఏమండీ, ఆ మిషన్ ఆపి ఈడకి రండి, కాఫీ చల్లారిపోతాది."

వెనకాల ఎక్కడో కుర్చీ జరిగిన చప్పుడు. ఆ తరవాత సార్ గొంతు, పడుచుగా, నవ్వుతూ: "వస్తుండా, వస్తుండా."

అక్క తల తిప్పి గుమ్మంవైపు చూశారు.